కొత్త కుర్రాడికి దారులు

గాబెర్, ఇటు రా.
ఈ మూట భుజాన వేసుకో, హ్యాంగర్లు వేలికి తగిలించుకో.
చొక్కా అంచు నేల చూడకూడదు, అది మొదటి మాట.

వీధి పేర్లు బట్టీ పట్టకు.
రాజుగారు పోయాక జమాలెక్‌లో వీధులు పేర్లు మార్చుకున్నాయి,
మా నాన్న మాత్రం చచ్చేదాకా పాత పేర్లతోనే మూటలు కట్టాడు.
మనం బట్టల్ని బట్టే ఇళ్ళు గుర్తుపడతాం.

ఫ్లైఓవర్ నీడలోంచి మొదలుపెట్టు.
మందుల షాపు దాటాక మూల మీద
సింహం తలుపుల బిల్డింగ్. సింహానికి ముక్కు పోయింది.
పాలరాతి మెట్లు, ఇనుప పంజరంలా లిఫ్టు,
అది నీకు కాదు.
వెనక సందులో ఇనుప మెట్లుంటాయి, పాములా మెలికలు తిరిగి
ఆరో అంతస్తు వంటింట్లోకి పోతాయి.
అక్కడ ఇంజీ మేడమ్. నార దుప్పట్లు,
మూలన ఎర్ర దారంతో కుట్టిన రెండక్షరాలు.
అవి ఆమె అత్తగారి పేరువి,
ఆ మూల ఎప్పుడూ లోపలికి మడిచి ఇమ్మంటుంది.

తర్వాత ఎంబసీ.
జెండా ఏ దేశానిదో నాకూ తెలీదు,
రాయబారి కుడి మోచేయి మాత్రం ముందు అరుగుతుంది.
బల్ల మీద ఆనుకుని అంతసేపు ఏం ఆలోచిస్తాడో!
గేటు దగ్గర పోలీసు మూట విప్పమంటాడు. విప్పు.
మళ్ళీ మడవడం నేర్పుతాను.

ఎవరో మహారాణి దిగడానికి కట్టిన మేడ, ఇప్పుడు హోటల్,
అది చూసి ఆనందించడానికే. దాని సెల్లార్లో ఆవిరి మిషన్లున్నాయట.
నైలు ఒడ్డున అద్దాల బిల్డింగ్‌ని లెక్కలోంచి తీసెయ్,
నలభై కుటుంబాలు, ఒక్క చొక్కా రాదు.

చేపల తోటలో చేపల కంటే ప్రేమికులు ఎక్కువ.
గుహల్లోంచి అడ్డదారి ఉందంటారు, పోకు.
పోతే మాత్రం, ఎవడి చొక్కా చేతి మీదైనా గీత కత్తిలా కనిపిస్తే
అది మనదో, ఆ ఎదురు వీధివాడిదో చూసి రా.

దారి తప్పితే కంగారు పడకు.
బుట్ట అల్లినట్టు ఆకాశంలో టవర్ ఉంటుంది,
దానికి వీపు పెట్టి నడువు, మన కొట్టు వస్తుంది.

ఏమిటి చూస్తున్నావు?
ఆ బూడిద రంగు సూటా?
అది ఆఖరిది, పద్నాలుగో నెంబరు,
వసీఫ్ బే గారిది.

అవును, తెలుసు. అక్కడ ఇల్లు లేదు.
ఈద్ సెలవుల్లో మూడు రాత్రుల్లో కూల్చారు,
ఆకుపచ్చ కిటికీ రెక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి
లారీలో తీసుకుపోయారు, మడత బాగా పెట్టారు.
మెట్ల కింద కాపురమున్న బవ్వాబు నూబీ ముసలాయన
తన కుర్చీ నెత్తిన పెట్టుకుని ఎటు పోయాడో.
ఇప్పుడు గొయ్యి, క్రేను, రేకుల కంచె.

అయినా తీసుకెళ్ళు.
కంచె దగ్గర నిలబడు. కాపలావాడు ఎవరికని అడుగుతాడు,
పద్నాలుగో నెంబరుకి అని చెప్పు.
నవ్వితే నవ్వనీ.
నెలకోసారైనా ఎవరో ఒకరు ఆ నెంబరు అడగాలి కదా.
కాసేపుండి తీసుకొచ్చెయ్,
సిమెంటు దుమ్ము పట్టి ఉంటుంది, మళ్ళీ చేస్తాను.

డబ్బులెవరిస్తారంటావా?
పోయే ముందు రంజాన్‌లో ఆయన రెండొందల పౌండ్లు
ముందే ఇచ్చి పోయాడు. అవి ఇంకా అయిపోలేదు.

ఆ లెక్క నువ్వు వేయకు.
పద, మూట జారుతోంది,
పెట్టె చల్లారేలోపు వచ్చెయ్.